మోకాళ్ళ రాజీనామా

రాజీ పడడంలో నన్ను మించినవాడు లేడు. రాజీనామా రాయడంలో మాత్రం నా అంత దద్దమ్మ ఉండడు.

ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను. ఎంతోమందిని పైకి తెచ్చాను, నేనే పైకి రాలేదు. ఇప్పుడు మోకాళ్ళు కిందికీ పోనివ్వడం లేదు. లిఫ్టు అడుగున ఉండే గోతిలోకి నిచ్చెన దిగాలంటే మెట్టుకో అమ్మో, ఎక్కాలంటే మెట్టుకో అయ్యో.

సరిగ్గా ఇప్పుడే లిఫ్టు పని నేర్పే శిక్షణ కేంద్రంవాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. నెలరోజుల్లో చేరాలి. ఇక్కడ మానాలంటే నెల ముందు చెప్పాలి, అంటే రాజీనామా ఇవాళే ఇవ్వాలి. చిక్కల్లా ఏమిటంటే, మా కంపెనీ యజమాని మా ఆవిడకి స్వయానా అన్న. ఉద్యోగాన్నయితే వదులుకోవచ్చు, బావని వదులుకోలేం కదా!

"మొహం చూసి మీరు చెప్పలేరు. రాసివ్వండి. ఫోన్లో అదేదో ఉందిగా, దాన్నడగండి" అంది మా ఆవిడ.

"పొరపాటుతో కాపురం, తడబాటుతో స్నేహం. ఇక చాట్‌బాటు ఒక్కటే తక్కువ!"

"అరవకండి, దానికేం చెవుడు లేదు. టైపు చెయ్యండి."

చేశాను. ఎందుకు మానేస్తున్నారని చాట్‌బాటు అడిగింది. మోకాళ్ళ నొప్పులని రాస్తే బావ జాలిపడతాడు, నాకది నచ్చదు. 'మోకాళ్ళ ఊసు వద్దు, మర్యాదగా ఉండాలి' అన్నాను. కళ్ళజోడు తుడుచుకునేలోపు ఉత్తరం తయారు. 'గౌరవనీయులైన అయ్యా, వృత్తిపరమైన ఎదుగుదల నిమిత్తం...' చదువుతుంటే నామీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది.

మా ఆవిడ నా భుజం మీదుగా చూసి, "ఎవరండీ ఈయన? చాలా మంచివాడిలా ఉన్నాడే!" అంది.

దాన్ని కాగితం మీదికి ఎక్కించి పట్టుకెళ్ళేసరికి బావ వర్క్‌షాపులో లిఫ్టు మోటారు విప్పుకుని కూర్చున్నాడు. గ్రీజు అంటకుండా కాగితాన్ని వేళ్ళ చివర పట్టుకుని చదివాడు. మొహం చిన్నబోయింది.

"అవతలి కంపెనీవాళ్ళు లాక్కున్నారా?"

"అబ్బే, లేదు బావా!"

"మరి ఈ ఎదుగుదలేంటి? ఇక్కడ నిన్నెవరు తొక్కారని? ఇన్నేళ్ళలో నన్నొక్కసారి 'అయ్యా' అన్నావా? ఈ కాగితం నాకొద్దు. రిజిస్టర్లో రాయి."

మా దగ్గర ఏ రిపేరైనా రిజిస్టర్లో మూడు గళ్ళలో రాయాలి. ఏం చెడింది, ఎందుకు చెడింది, ఏం చేశాం. ఆ గళ్ళలో అబద్ధమాడితే జనం గల్లంతే. అందుకని ఎవరం ఆడం. పెన్ను తీశాను.

చెడింది: మోకాళ్ళు, రెండూ. ఎందుకు: గోతిలోకి దిగి ఎక్కడం, ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పకపోవడం. చేసింది: పాఠాలు చెప్పే పని ఒప్పుకోవడం.

బావ రెండుసార్లు చదివాడు.

"ఆర్నెల్లా! ఒక్కమాట చెబితే నేను దిగేవాణ్ణి కదయ్యా!"

"నువ్వు దిగితే నిన్నెవరు పైకి లాగుతారు బావా?"

నవ్వాడు. కానీ సంతకం పెట్టలేదు. బాగుచేసిన లిఫ్టులో స్వయంగా ఎక్కి దిగితే తప్ప బావ ఏ రిపేరుకీ సంతకం పెట్టడు.

"మూడో గడి పనిచేస్తుందో లేదో చూడాలిగా? నేను కొత్తగా చేరానుకో. చెప్పు పాఠం."

స్టూలు లాక్కుని, విప్పిన మోటారులో బ్రేకు చూపించాను. "కరెంటుంటే బ్రేకు పడుతుందనుకుంటారు. కాదు, కరెంటుంటే విడుతుంది. కరెంటు పోయిన క్షణాన స్ప్రింగులు వాటంతటవే పట్టేసుకుంటాయి. మనం భయపడే చీకట్లోనే లిఫ్టు భద్రంగా ఉంటుంది."

బావ ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. కొన్ని కావాలనే తిక్క ప్రశ్నలు. ఒక్కటీ వదల్లేదు నేను. మధ్యలో జోకులు కూడా వేశాను, వాటికి మాత్రం బావకి మార్కులు వెయ్యబుద్ధి కాలేదు. చివరికి చేతులు తుడుచుకుని, మూడు గళ్ళ కింద సంతకం గీకాడు.

"పనిచేస్తోంది" అన్నాడు. "ఈ నెల్రోజులూ గోతి నాది. నోరు నీది."

మర్నాడు బావ నిచ్చెన దిగాడు. నేను పైన టార్చి పట్టుకుని, ఏ బోల్టు ఎటు తిప్పాలో చెబుతూ నిలబడ్డాను. నా గొంతు గోడలకి తగిలి గోతంతా మోగింది. క్లాసులో నాకు మైకు అక్కర్లేదు.