పది లెక్కపెట్టేదాకా

నేనొక గ్రాఫిక్స్ కార్డును. కంప్యూటర్ తెరమీద కదిలే ప్రతి బొమ్మా నా చేతి చలవే, మెచ్చుకోళ్లు మాత్రం తెరకు దక్కుతాయి. తైవానులో పుట్టాను. హైదరాబాదులో ఒకాయన రెండేళ్లపాటు క్రిప్టో నాణేల వేటలో నాచేత గొడ్డుచాకిరీ చేయించి, ఫ్యాను అరిగాక వదిలించుకున్నాడు. అలా సెకండ్‌హ్యాండులో హన్మకొండ చేరాను. కొన్నది రవళి. పగలు ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం ఆటలు.

కంప్యూటరును నడిపే వ్యవస్థలు రెండు: ఆమె ఉద్యోగం లినక్సులో, ఆట విండోసులో. అందుకని లినక్సు కడుపులోనే ఒక ఉత్తుత్తి కంప్యూటరు తయారుచేసి, అందులో విండోసు పెట్టుకుంది. ఆడేముందు నన్ను లినక్సు చేతిలోంచి తీసి ఆ లోపలిదానికి అప్పగించాలి. ఇద్దరికి ఒకేసారి ఊడిగం చేయడం నావల్ల కాదు మరి.

ఆ ఆదివారం నాలుగింటికి ఆన్‌లైన్ ఆటల పోటీలో ఫైనల్. ఐదుగురు ఆడపిల్లల జట్టు. నాలుగుకల్లా ఐదుగురూ ఆటలోకి రాకపోతే జట్టు మొత్తం అవుట్. రవళికి కంగారెక్కువ. మధ్యాహ్నమే ఒకసారి నన్ను అప్పగించి చూసి, బాగుందనుకుని వెనక్కి తీసుకుని, సోమవారం ఇవ్వాల్సిన ఆఫీసు పని చేసుకుంది. అక్కడే కొంప మునిగింది. నాకొక జబ్బుంది: ఒకసారి చేతులు మారితే, కరెంటు పూర్తిగా పోయి వస్తే తప్ప రెండో అప్పగింతకు లొంగను.

మూడూ నలభైకి మళ్లీ అప్పగించింది. తెర నల్లబడి, నల్లగానే ఉండిపోయింది. ఫోనులోంచి ఆదేశం మీద ఆదేశం పంపింది. కాసేపటికి కంప్యూటరు ఫోనుకూ జవాబివ్వడం మానేసింది. కరెంటు తియ్యవే తల్లీ అని అరుద్దామంటే నాకు నోరేదీ! జట్టు పిల్లలు ఒకటే ఫోన్లు: "ఏడున్నవే?"

రవళి నాన్న కొమురయ్య గుమ్మంలోకి వచ్చాడు. సబ్‌స్టేషనులో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

"ఒక్కసారి కరెంట్ బంద్ జేసి సూద్దామా బిడ్డా?"

"వద్దు నాన్నా! నా ఆఫీసు పనంత అండ్లనే ఉన్నది. డిస్క్ కరాబైతె మొత్తం పోతది."

మూడూ యాభై రెండు. ఆయన ఇక అడగలేదు. గోడకున్న స్విచ్చు ఆపేశాడు.

"అయ్యో నాన్నా!" రవళి స్విచ్చు మీదికి చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. లోపటున్న కరెంటంత దిగాలె. పది లెక్కవెట్టు."

"టైం లేదు!"

"లెక్కవెట్టు బిడ్డా."

ఒకటి, రెండు అని ఆయనే మొదలుపెట్టాడు. ఆమె ఏడుస్తూ అందుకుంది. ఐదు దగ్గర నా ఒంట్లో కరెంటు ఇంకా మిగిలే ఉంది. అప్పుడే స్విచ్చు వేసి ఉంటే మళ్లీ అదే మొండితనం. ఎనిమిది దగ్గర ఆఖరి చుక్క దిగిపోయింది. పది. ఆయన స్విచ్చు వేశాడు. అన్నన్ని ఆదేశాలకు లొంగనిదాన్ని ఆ ముసలాయన లెక్కకు లొంగిపోయాను.

మూడూ యాభై ఎనిమిదికి రవళి ఆటలోకి చేరింది. ప్రాణం పెట్టి పనిచేశాను. గంటన్నరకు గెలిచారు. "నాన్నా, గెలిచినం!" అంటూ హాల్లోకి పరుగెత్తింది.

కొమురయ్య టీవీ అయినా పెట్టుకోకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నీ నౌకరి పని పోయిందా బిడ్డా?" అన్నాడు.

ఆమె ఆ సంగతే మరిచిపోయింది. గదిలోకి వచ్చి, నన్ను లినక్సుకు వెనక్కి తీసుకుని, ఆఫీసు ఫైలు తెరిచింది. అందులో ఒక్క అక్షరం లేదు. ఆ ఖాళీ పేజీని తెరమీద చూపించింది నేనే.

"ఏం పోలే నాన్నా, అంత మంచిగనే ఉన్నది!" అని హాల్లోకి వినబడేలా చెప్పి, తలుపు దగ్గరగా వేసి, మొదటి లైను నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.