ఇల్లు కాపాడేదెవరు

నిచ్చెన మీద నిలబడి నెరిడా చూరు కాలవలో పేరుకున్న జామాయిల్ ఆకుల్ని గుప్పిళ్ళతో తీసి కింద పడేస్తోంది. డిసెంబరులో ఎండాకాలం వచ్చే దేశం అది; ఎండలు రాకముందే ఈ పని అయిపోవాలి. కింద కుర్చీలో కూర్చున్న భర్త వార్విక్ తల పైకెత్తి, "ఆ మూల వదిలేశావు చూడు" అన్నాడు. పొద్దుటినుంచి అతను చేసిన సాయం అదే.

వాళ్ళ ఊరున్న కొండకు కార్చిచ్చు వస్తే ఇళ్ళు మంటకంటే ముందు నిప్పురవ్వలకే అంటుకుంటాయి. గాలికి కొట్టుకొచ్చిన రవ్వకు వేలు పట్టని సందు దొరికినా చాలు, అటకలోకి దూరిపోతుంది. ఆ సందులన్నీ మోకాళ్ళ మీద పాకి, వీపు గీరుకుని వెతికి పూడ్చింది నెరిడా. గాలి కంతలకు ఉక్కు జల్లెడ బిగించింది. కిటికీల కింద పొదలు పీకేస్తే, అదే ఇంట్లో ఉండే అత్తగారు మావిస్ టీ కప్పు పట్టుకుని వచ్చి, "పచ్చటి మొక్కని చూసి ఓర్వలేని ఆడదాన్ని నిన్నే చూశానమ్మా" అంది. గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా తీసేస్తే వార్విక్ స్నేహితుల ముందు, "మా ఆవిడకి నిప్పంటే భయం, అగ్గిపెట్టె కూడా తాళం వేసి దాస్తుంది" అని అందరినీ నవ్వించాడు. భయమట! భయపడే మనిషి ఎనిమిది వేసవులు అటకెక్కుతుందా? ఇంటిపనికి ఎలాగూ లెక్క లేదు. మగవాళ్ళ పని అనుకునేది కూడా ఆడది చేస్తే ఇంటిపనే అయిపోతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఊరి అగ్నిమాపక దళం నాయకుడు కీత్ వచ్చాడు. ఎండాకాలం ముందు ఇల్లిల్లూ తిరిగి చూడడం అతని పని. చూరు కింద జల్లెడ తట్టి చూసి, "భలే గట్టిగా చేశావయ్యా వార్విక్" అన్నాడు. వార్విక్ గోడ మీద చెయ్యి వేసి, "ఏదో, తీరిక దొరికినప్పుడల్లా" అన్నాడు. నిచ్చెన మీది మనిషి చేతుల్లో ఆకులు ఇంకా ఉన్నాయి.

మంటలొచ్చిన రోజు ఎవరేం చేస్తారని అడిగాడు కీత్. అడగాలా? ఆ కొండమీద ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు. మగవాడు ఉండి ఇల్లు కాపాడతాడు. ఆడది ముసలివాళ్ళనీ కుక్కనీ కారెక్కించుకుని పొద్దున్నే పట్నానికి దిగిపోతుంది. వార్విక్ ఛాతీ విరుచుకుని తనుంటానన్నాడు. నెరిడా కూడా ఇన్నేళ్ళూ దానికి తలూపింది.

"అయితే కప్పు తడిపే ఆ నీళ్ళింజను ఒకసారి వెయ్యి, చూద్దాం" అన్నాడు కీత్.

వార్విక్ తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. చెమటలు కక్కాడు. దీన్నెవరో కెలికారని నిచ్చెన వైపు చూస్తూ అన్నాడు. పెట్రోలు కుళాయి తిప్పనిదే ఆ ఇంజను తెల్లార్లూ లాగినా పలకదు. ప్రతి శనివారం దాన్ని నడిపేది ఆమె. అతను తడబడినప్పుడల్లా పరువు పోకుండా పరిగెత్తుకెళ్ళి సర్దడం కూడా ఆమె అలవాటే. కాళ్ళు ఒక మెట్టు దిగాయి కూడా. అక్కడే ఆపింది వాటిని. పలకని ఇంజను ముందు, ఎదురుగా మంట వస్తుంటే, ఈ మనిషి తాడు లాగుతూ నిలబడి ఉండడం ఆమె కళ్ళకు కట్టింది. ఈ డాబుసరికి ఒక ప్రాణం పోతుంది. ఇంజను తెలిసిన మనిషేమో కుక్కని ఒళ్ళో పెట్టుకుని పట్నంలో కూర్చోవాలి. దీనికా తను తలూపింది? ఒళ్ళు మండిపోయింది.

దిగి వచ్చి, కుళాయి తిప్పి, ఒక్కసారి లాగింది. ఇంజను అందుకుంది. కప్పు మీద నీళ్ళు ధారగా పడ్డాయి.

తను అంతసేపు లాగి వదులు చేసి పెట్టాడు కాబట్టేనని వార్విక్ నవ్వాడు. కీత్ నవ్వలేదు. ఉండేదెవరని మళ్ళీ అడిగాడు, ఈసారి ఇద్దరినీ చూసి.

నెరిడా చేతులు ప్యాంటుకు తుడుచుకుంది.

"ఉండాల్సి వస్తే నేనుంటాను. కుక్కనీ, మీ అమ్మనీ తీసుకుని వెళ్ళేది నువ్వు, వార్విక్. ఆవిడ మందులు ఏ అరలో ఉంటాయో లోపలికెళ్ళి ఇప్పుడే చూసుకో."