కుడి సీటు తూకం

మా సిమెంటు ఫ్యాక్టరీ కాటా మీదికి ఎక్కిన ఏ బండీ నన్ను బుకాయించి పోలేదు. తొట్టి కింద తడి ఇసుక మూటలు కట్టుకొచ్చిన లారీవాళ్లను పట్టుకున్నాను. ఖాళీ తూకం అప్పుడు దిగకుండా సీటు వెనక నక్కిన క్లీనర్లను చెవి పట్టి లాగాను. మేళ్లచెరువులో నన్ను కాటా నర్సు అంటారు, మొహం మీద కాదు లెండి. అసలు పేరు వెంకటనర్సు. పోచంపల్లిలో మా నాయిన మగ్గం మీద పోగు పోగునూ అనుమానంగా చూసేవాడు. నేను మగ్గం వదిలేసి వచ్చాను కానీ ఆ చూపును మాత్రం వెంట తెచ్చుకున్నాను. అందుకే ఆ చిన్న బండి విషయంలో అందరికంటే ఆలస్యంగా భయపడ్డాను.

అది కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు పోతూ పోతూ వదిలేసిన బండి. ఆటో కంటే పెద్దది, జీపు కంటే చిన్నది. తలుపుల్లేవు, అద్దాల్లేవు. నెత్తి మీద పైపుల చట్రం, సీట్ల కింద ఇంజను, వెనక రాళ్లేసుకునే చిన్న తొట్టి, నాలుగు బలిసిన టైర్లు. పక్కపక్కనే రెండే రెండు సీట్లు. స్టీరింగు ఎడమవైపు, మన బండ్లకు తిరగేసి. నాలుగు చక్రాలూ లాగుతాయి కనుక లారీలు మొరాయించే సున్నపురాయి గనిలో అది మేకలాగా ఎక్కేది. చూసిన ప్రతివాడూ దాన్ని బొమ్మబండి అన్నాడు, ఇద్దరం పడితే ఎత్తి పక్కన పెట్టొచ్చన్నాడు. తూస్తే నాలుగొందల యాభై కిలోలు! మా గేటు పద్ధతి ప్రకారం ఆ ఖాళీ తూకాన్ని బండి పక్కన తెల్లరంగుతో రాయించింది నేనే. రాయిస్తే మాత్రం ఎవరు చదివారు?

ఐలేశం చదవలేదు. గనిలో నుంచి రాతి ముక్కలు ఏరి పరీక్షకు తేవడం అతని పని. గులాం నబీ నడిపితే ఐలేశం కుడి సీట్లో కూర్చునేవాడు. తొంభై ఐదు వానాకాలంలో గని వాలు మీద టైరు జారి బండి కుడివైపు ఒరిగింది. ఒరిగే మోపెడ్‌ను ఆపినట్టు ఐలేశం కాలు బయటపెట్టి, రెండు చేతులతో బండిని ఆపబోయి దాని కిందే నలిగి పోయాడు. కదలకుండా కూర్చుంటే ఆ పైపుల చట్రమే కాపాడేది, నబీని కాపాడింది కదా. బొమ్మ అనుకున్నాడు పిచ్చోడు. ఇప్పటికీ తలచుకుంటే నాకు కోపమే వస్తుంది, ఆ తర్వాతే ఏడుపు.

చట్రం వంపులు తీసి, కుడివైపు స్ప్రింగు కొత్తది వేయించి, దసరా దాటాక బండిని మళ్లీ కాటా మీదికి తెచ్చారు. ముల్లు ఐదొందల పది దగ్గర ఆగింది.

"నబీ, దిగవయ్యా ముందు" అన్నాను తల ఎత్తకుండా.

"దిగిన గదన్నా. గిదిగో, నీ కిటికీ ముందలనే ఉన్న" అన్నాడు గులాం నబీ.

నిజంగానే కిటికీ ముందున్నాడు. మొహం పాలిపోయి ఉంది. బురద అన్నాను, కడిగించాం. ట్యాంకులో పెట్రోలు అన్నాను, తీయించాం. ఆఖరికి సీటు ఊడదీయించి పక్కన పెట్టించాను. కాస్త అటూ ఇటూగా అదే తూకం. మా కాటా పది కిలోలకు తక్కువ తేడాను పట్టించుకోదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ ఇది అరవై. పక్కనున్న సిమెంటు లారీని ఎక్కించి చూస్తే కాటా లక్షణంగా పనిచేస్తోంది.

నబీ దగ్గర ఇంకా చాలా సంగతులున్నాయి. బండి ఆపి ఉన్నా కుడివైపుకే వాలి ఉంటుందట. గతుకులో పడితే ముందు తన సీటు కిర్రుమంటుందట, ఒక క్షణం ఆగి పక్క సీటు. మలుపులో ఎవరో మోకాలు తగిలినట్టుంటుందట. మా ఊళ్లో ఫ్యాక్టరీ దుమ్ము పడని జాగా లేదు, అన్నంలో కూడా పడుతుంది. ఆ బండి నిండా తెల్లగా దుమ్ము పేరుకుపోయేది, కుడి సీటు మధ్యలో మాత్రం మనిషి కూర్చున్నంత మేర నల్లగా, శుభ్రంగా ఉండేది. అది నేనే చూశాను.

"నీ తలకాయ. నేనే కూసుంట, సూడు" అన్నాను ఒక మధ్యాహ్నం, నబీ పీడ పడలేక. ముల్లు చూస్తూ ఉండమని అతణ్ని నా కిటికీ దగ్గర నిలబెట్టి, పోయి కుడి సీట్లో కూర్చున్నాను. సీటు కుంగలేదు. అప్పటికే కుంగి ఉంది. ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టు, నా వీపుకు ఏదో మెత్తగా, గోరువెచ్చగా ఆనింది. ఐదొందల డెబ్బై అని నబీ అరవడం వినబడింది కానీ అప్పటికే నేను కింద దూకి ఉన్నాను. నా చొక్కా వెనకవైపు తడిసిపోయింది. ఆ రోజు సాయంత్రం వరకు ఏ లారీవాణ్నీ తిట్టలేదు.

నబీ నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగు రోజులు తిరక్కుండానే ఐలేశం తల్లి నర్సింగమ్మ గేటు దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అరవై కిలోలా బిడ్డా?" అని అడిగింది నన్ను. అంతే. అయ్యో అనలేదు, ఏడవలేదు.

"అవ్వా, వాడి మాటలు నమ్మకు. మిషనన్నంక గట్లనే ఉంటది."

"కాదు నర్సూ. నాకు వాని తూకమే కావాలె."

ఆమె గోడు మాకందరికీ తెలిసిందే. ఐలేశానికి చిన్నప్పుడు జ్వరం తలకెక్కి ప్రాణం మీదికి వస్తే, పిల్లవాడు బతికితే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కింది. బంగారమంటే బెల్లమే. పిల్లవాణ్ని ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో అంత బెల్లం తూచి జాతరలో గద్దెకు సమర్పించాలి. పిల్లవాడు బతికాడు. ఈ జాతరకు కాదు వచ్చే జాతరకు, వచ్చే జాతరకు అంటూ ఆమె వాయిదా వేసింది. జాతర జాతరకూ పిల్లవాడు పెరిగాడు, బెల్లమూ పెరిగింది. "జర సన్నబడ్డంక తూగుతాలేవే" అని ఐలేశం తల్లిని ఆటపట్టించేవాడు. తూగకుండానే పోయాడు. ఆమె కూతురు మంజులతకు రెండు కాన్పులు పోయాయి. ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. మొక్కు తీరనందుకే సమ్మక్క పిల్లల్ని తీసుకుపోతోందని నర్సింగమ్మ నమ్మకం. చచ్చినవాణ్ని తట్టలో ఎలా కూర్చోబెట్టాలో తెలియక కుళ్లిపోతోంది.

"ఈసారి కూడ పోతే నా బిడ్డ బతుకది నర్సూ" అంది. ఆమెను వెనక్కి పంపే ధైర్యం నాకు లేకపోయింది.

జాతరకు ముందు ఆదివారం, పెద్దసార్లు ఎవరూ లేని పూట బండిని షెడ్డు ముందు చదునుగా ఉన్న చోట ఆపాం. ఎవరూ ఎక్కకపోయినా కుడివైపుకు వాలి ఉంది. నర్సింగమ్మ బెల్లం దిమ్మలు తెప్పించింది. ఆమె కాటాను అడగలేదు, నన్నూ అడగలేదు. ఆ రెండు సీట్లే ఆమెకు రెండు తట్టలైనాయి. దిమ్మకు పసుపు కుంకుమ పెట్టడం, ఎడమ సీటులో పెట్టడం. ఒక్కో దిమ్మకూ బండి ఎడమవైపు కొంచెం కొంచెంగా దిగసాగింది. ఆఖరి దిమ్మ పెట్టబోతూ ఆగి, దాన్ని రాయికేసి కొట్టి సగం ముక్క పెట్టింది. బండి ఇంచుమించు సమంగా నిలిచింది. ఎండ చుర్రుమంటున్నా నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నర్సింగమ్మ ఖాళీ సీటు వైపు చూస్తూ, "ఎంత పెరిగినవ్ర బిడ్డా" అంది.

బెల్లం జాతరకు పోయింది. ఆమె తిరిగొచ్చాక బండిని కాటా ఎక్కించాను. నాలుగొందల యాభై. నేను ఊపిరి పీల్చుకున్నాను.

నబీ మాత్రం టైర్ల దగ్గర వంగి చూస్తూ, "పోలేదన్నా. ఇంక జరంత ఉన్నడు. స్ప్రింగు సూడు" అన్నాడు.

"కాటా కంటె నీకెక్వ తెలుసా? నడువ్" అని కసిరాను. పోయేముందు నర్సింగమ్మ కుడి సీటు మీద చేత్తో రాసి, ఆ చేతిని మొహానికి తుడుచుకుంది.

ఎండలు ముదిరాక మంజులత కోదాడ దవాఖానలో కొడుకును కన్నది. తల్లీబిడ్డా క్షేమమని తెలిసి గేటు దగ్గర అందరికీ నేనే చాయ్ తాగించాను. మరునాడే నర్సింగమ్మ పరుగున వచ్చింది. "తూకమంటె నీకెరుకైతది, జర నాతోని రా" అని చెయ్యి పట్టుకుంది.

వార్డులో ఉక్కపోస్తున్నా ఫ్యాను ఆపేసి ఉంది. పిల్లవాడు బొద్దుగా, ఎర్రగా, కాళ్లు తన్నుతూ ఉన్నాడు. మంజులత వాణ్ని పాతచీర పీలికతో తన నడుముకు కట్టుకుని కూర్చుంది.

"ఫ్యానేస్తె పైకి లేస్తున్నడన్నా" అంది. ఆమె కళ్లలో నిద్ర లేదు.

దవాఖాన నర్సమ్మ వచ్చి పిల్లవాణ్ని తూచే పళ్లెంలో పడుకోబెట్టింది. ముల్లు సున్నా మీదే ఉంది. "మిషన్ ఖరాబైంది, నిన్నటి సంది గిదే కత" అని విసుక్కుని తన చేతిలోని మందు సీసా పెట్టింది. ముల్లు కదిలింది. ఆమె మొహం మాడిపోయింది, సీసా తీసుకుని గబగబా వెళ్లిపోయింది. నేను పిల్లవాణ్ని ఎత్తుకున్నాను. చేతులకు వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది, గుండె కొట్టుకోవడం తెలిసింది. బరువు తెలియలేదు. చేతులు తీసేస్తే కింద పడడేమో అనిపించింది. అంత భయం నా జన్మలో ఎరగను.

"పాలు తాగుతున్నడు. తాగినయన్ని ఏడ వోతున్నయో" అని మంజులత ఏడ్చింది.

నర్సింగమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "నేనే. నేనే తక్కువ వెట్టిన. ఆఖరి దిమ్మల సగమే పెట్టిన. అంత ఇచ్చేస్తె మొత్తానికి పోతడని... జరంతన్న ఉండనీ అనుకున్న. కాటాకు దొరకనంత. రోజు పోయి ఆ సీటు మీద చెయ్యేస్తె వెచ్చగుంటుండె. దాని మీదనే బతుకుతున్న నర్సూ."

ఆమె మీద అరవబోయాను. కానీ తల్లి కదా, మొత్తంగా ఎలా ఇచ్చేస్తుంది?

డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా కారు కిరాయికి మాట్లాడుకుని, అందరం ఆ మధ్యాహ్నమే మేళ్లచెరువు వచ్చాం. దారి పొడుగునా మంజులత పిల్లవాణ్ని రెండు చేతులతో రొమ్ముకు అదిమి పట్టుకుంది, అద్దాలు దించనివ్వలేదు. నర్సింగమ్మ ఇంట్లోకి పోయి బియ్యం కుండ అడుగు నుంచి సగం దిమ్మ తెచ్చింది. తర్వాత దాన్ని ఊరవతల సమ్మక్క గద్దెకు చేరుస్తానని నబీ ఒప్పుకున్నాడు. బండిని షెడ్డు ముందుకు తెచ్చి, దిగి, తలకు దస్తీ కట్టుకుని నిలబడ్డాడు.

నర్సింగమ్మ దిమ్మకు బొట్టు పెట్టింది. ఎడమ సీటు దాకా వచ్చి ఆగిపోయింది. చేతులు ముందుకు రావడం లేదు. కుడివైపు తిరిగి, ఖాళీ సీటుతో మాట్లాడింది.

"తిన్నవో లేదో ఆ పొద్దు అడగలే బిడ్డా. యాడికి పోతున్నవో, ఆడ ఎవరున్నరో నాకెరుక లేదు. నాకైతె నువ్వు జరంతున్నా సాలు. గానీ అక్క కొడుకు నిలువాలె గదరా. పో నాయినా. పైలంగ పో."

దిమ్మ సీటు మీద పెట్టింది. కుడివైపు స్ప్రింగు చిన్నగా కిర్రుమని పైకి లేచింది, ఎవరో బండి దిగినట్టు.

"నర్సన్నా!" అని మంజులత కేక వేసింది. ఆమె చేతులు ఒక్కసారిగా కిందికి జారాయి. పిల్లవాణ్ని పట్టుకోవడానికి నేలమీద మోకాళ్లేసింది. "బరువైండు... బరువైండు" అంటూ నవ్వుతోంది, ఏడుస్తోంది.

నేను పిల్లవాణ్ని అందుకుని చూశాను. మూడు కిలోలకు తక్కువుండడు. కాటా లేకుండా నేను తూకం చెప్పడం అదే మొదలు.

నర్సింగమ్మ మా వైపు తిరగలేదు. కుడి సీటు మీద అరచేయి పెట్టి అలాగే నిలబడింది. చాలాసేపటికి చెయ్యి తీసి చూసుకుంది. అరచేతికి తెల్లగా దుమ్ము అంటింది.

"సల్లగుంది నర్సూ" అంది.