లేని బీస్లీ గారి ఇల్లు

హార్మన్ వీధిలో బీస్లీ గారిని కళ్ళారా చూసిన నరమానవుడు లేడు. అయినా ఆయన ఆరేళ్ళుగా నలభై ఒకటో నంబరు ఇంట్లో నిక్షేపంగా కాపురముంటున్నాడు. వరండాలో ఆయన బూట్లు, ఒక్కొక్కటీ పడవంత. పక్కనే ఆయన కుక్క డ్యూక్ నీళ్ళ గిన్నె. కిటికీ తెర మీద టోపీ పెట్టుకున్న ఆయన తల నీడ. మంచు పడ్డ ప్రతి ఉదయం మెట్ల మీద ఆయన అడుగుజాడలు.

ఆ అడుగులు వేసేది వెర్నీస్ టోలివర్. బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండే మనిషి. ఎదురింటి మేడ మీద ఇరవై ఆరేళ్ళుగా అద్దెకుంటోంది. పన్ను కట్టలేక పాత యజమాని వదిలేసి పోతే నలభై ఒకటో నంబరు సిటీ ఆఫీసు చేతికి వచ్చింది. అమెరికాలోని ఈ బఫెలో నగరం తూర్పు పేటల్లో ఖాళీ ఇంటి గతేమిటో అందరికీ తెలిసిందే. మొదటి వారం రాగి గొట్టాలు పోతాయి, రెండో వారం పొయ్యి పోతుంది, మూడో వారం ఎవడో లోపల చలిమంట వేసుకుంటాడు. ఆ తర్వాత అక్కడ గడ్డి మొలుస్తుంది. ఆ వీధిలో అప్పటికే మూడిళ్ళు గడ్డిపాలయ్యాయి. వెర్నీస్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఖాళీ అని తెలిస్తేనే కదా దొంగ వెధవలొచ్చేది!" అని బీస్లీ గారిని పుట్టించింది.

వీధి సంఘం పెద్ద క్లియోఫస్, రిటైరైన బస్సు డ్రైవరు, ప్లైవుడ్డుతో ఒక తల కోసి తన పాత టోపీ తగిలించాడు. తన ఇంట్లోంచి తీగ లాగి వరండా దీపం వెలిగించాడు. మంచు పడితే చాలు, వెర్నీస్ రెండు జతల మేజోళ్ళ మీద ఆ బూట్లు తొడుక్కుని తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచి, తన బూట్లు వేసుకుని పనికి పోయేది. కాగితాలు పట్టుకుని ఎవరొచ్చినా వీధంతా ఒకటే పాఠం: "బీస్లీ గారికి నైట్ డ్యూటీ అండీ. పగలు పడుకుంటారు. లేపకండి, కుక్క కరుస్తుంది." అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికిపోయింది.

ఎలాగంటే, ఇప్పుడు వెర్నీస్‌కు ఆ ఇల్లు కావలసి వచ్చింది. ఆమె అద్దెకుంటున్న ఇల్లు అమ్మేశానని, ఫిబ్రవరి ఆఖరుకల్లా ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పాడు. వీధి చివరి బ్యాంకులో ఒక పథకం ఉంది. ఏడాది పైగా ఖాళీగా పడున్న ఇంటిని ఆ పేటవాళ్ళే కొని బాగు చేసుకుంటామంటే తక్కువ వడ్డీకి అప్పిస్తారు. ముందుగా కట్టాల్సిన దాంట్లో సగం వాళ్ళే భరిస్తారు. కాకపోతే ఎనిమిది శనివారాలు పాఠాలకు రావాలి. వెర్నీస్ ఒక్కటీ మానలేదు. ఆఖరి శనివారం అందరికీ కాబ్లర్ అనే పీచ్ పళ్ళ తీపి వంటకం కూడా చేసుకెళ్ళింది. వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టును ఫ్రిజ్‌కు అంటించుకుని, యాభై ఎనిమిదేళ్ళకు నా పేరున ఒక గుమ్మం వస్తోందని రోజూ చూసి మురిసిపోయేది.

జనవరిలో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో మనిషి ఉంటున్నాడు కాబట్టి అప్పు కుదరదట.

"ఎవరమ్మా ఆ మనిషి?" అంటూ వెర్నీస్ తన చేతిసంచిని బ్యాంకు బల్ల మీద దబ్బున పెట్టింది.

"బీస్లీ గారండీ," అంది అప్పుల అధికారి పావ్లాక్. ముప్ఫై ఏళ్ళ పిల్ల, శనివారం పాఠాలు చెప్పింది కూడా తనే. "మా ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూశాడు. బూట్లున్నాయి, కుక్క గిన్నె ఉంది, కిటికీలో ఆయన కూడా ఉన్నాడు. చెయ్యూపితే పలకలేదట, కాస్త పొగరు మనిషని రాశాడు. పొరుగాయన్ని అడిగితే నైట్ డ్యూటీ అన్నాడట."

"ఏ పొరుగాయన?"

"క్లియోఫస్ గారు."

తోడు వచ్చిన క్లియోఫస్ పక్క కుర్చీలో కూర్చుని తన టోపీలో ఏదో వెతుక్కుంటున్నాడు.

"కొంప ముంచావు కదయ్యా! బ్యాంకువాళ్ళకి కూడా అదే చెప్పాలా?"

"వాడి చేతిలో కాగితాలున్నాయే తల్లీ! ఆరేళ్ళుగా నువ్వు నేర్పిందే కదా చెప్పాను!"

"అమ్మాయ్, ఆ బీస్లీ లేడు," అంది వెర్నీస్. "మేం పుట్టించిన మనిషి. సిటీవాళ్ళనడుగు, ఖాళీ అనే చెప్తారు."

"చెప్పారండీ. పోయినేడు అలాగే వాళ్ళ కాగితం నమ్మి ఒక ఇంటికి అప్పిచ్చాం. తలుపు తీస్తే లోపల ఒక ముసలావిడ మనవలకు గుడ్లు వేయిస్తోంది. మా డబ్బుతో ఎవర్నీ రోడ్డున పడెయ్యకూడదని ఆ రోజే నియమం పెట్టుకున్నాం."

ఆ నియమం తనలాంటి వాళ్ళ కోసమే పెట్టారని వెర్నీస్‌కు తెలుసు.

"పైగా అది చూడండి," అంటూ పావ్లాక్ గోడ చూపించింది. మూడేళ్ళ కిందటి బ్యాంకు పోటీ ఫలకం: ఉత్తమ ఇంటి ముంగిలి, శ్రీ బీస్లీ. దాని కింద ఫోటోలో వెర్నీస్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ బహుమతి పుచ్చుకుంటోంది. "ఆయన నిద్రపోతున్నారని, ఆయన తరఫున మీరే వచ్చారు."

"వచ్చాను," అంది వెర్నీస్. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, కళ్ళు మాత్రం ఏడుపు వైపే మొగ్గాయి. "ఆయన పేరున చేసిందంతా నేనే చేశానమ్మా. ఇల్లు నిలబడితే ఎప్పటికైనా ఎవరో ఒకరు అందులో ఉంటారని చేశాను. ఆ ఒకరు నేనే అవుతాననుకోలేదు. నువ్వు వచ్చి ఒక్కసారి లోపల చూడు."

సిటీ ఆఫీసుకు ఫోన్ చేసి సరేననిపించుకుని, ఆ మధ్యాహ్నమే పావ్లాక్ వచ్చింది. వెనక తలుపుకు ఆరేళ్ళ కిందట తాళం బిగించిన క్లియోఫస్సే తీశాడు. పావ్లాక్ ముందు గదిలో అడుగు పెట్టి, కిటికీ దగ్గరి తలను చూసి గతుక్కుమని రెండడుగులు వెనక్కి వేసింది.

"క్షమించండి బీస్లీ గారూ, తలుపు కొట్టి రావాల్సింది!"

క్లియోఫస్ గోడ పట్టుకుని నవ్వాడు. "ఆయన ఏమీ అనుకోడమ్మా. చెక్కలాంటి మనసు!"

వంటింట్లో కుళాయి లేదు, పొయ్యి లేదు. పడకగదిలో పడక లేదు. పైకప్పు కారే చోట్ల మాత్రం నాలుగు బకెట్లున్నాయి. వాటి పక్క గోడ మీద పెన్సిల్ రాతలు. పావ్లాక్ వంగి చదవసాగింది. అక్టోబరు 9, ఉత్తరం మూల కారింది, తారు పూశాం. మార్చి 2, బకెట్లు పారబోశాను. జూన్ 14, వరండా మెట్టు కొత్తది. రాతలు కిటికీ దాకా పోయి, మలుపు తిరిగి, తలుపు దాకా వచ్చాయి. మొత్తం ఆరేళ్ళవి.

చదివి చదివి ఆ పిల్ల నడుం పట్టుకుని లేచింది.

"మీకో సంగతి చెప్పలేదు. మా కమిటీలో ఒకాయన ఇంకో పుల్ల పెట్టాడు. ఈవిడ పుట్టింది మొదలు అద్దె ఇళ్ళలోనే బతికింది, ఇల్లు చూసుకోవడం ఏం చేతనవుతుంది అన్నాడు." ఫోన్ తీసి గోడను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఫోటోలు తీసుకుంది. "ఇప్పుడు అనమనండి, చూస్తాను."

ఆయన మళ్ళీ అనలేదట, అప్పు మంజూరైంది. ప్లైవుడ్డు తలను మాత్రం బ్యాంకుకు తెప్పించుకుని, ఆ ఇన్‌స్పెక్టరు చేత దానికి క్షమాపణ చెప్పించారని క్లియోఫస్ వీధంతా చెప్పుకు తిరిగాడు. ఎంతవరకు నిజమో ఆయనకే తెలియాలి.

ఫిబ్రవరి ఆఖరికి వంటింట్లో నీళ్ళొచ్చాయి, బాయిలరు వెలిగింది. సామానంతా ముందు రోజే చేరిపోయింది. ఆ శనివారం తెల్లవారేసరికి వీధి నిండా మంచు. వెర్నీస్ పాత ఇంటి తాళాలు ఓనరుకు ఇచ్చేసి, వీధి దాటి, తన బూట్లతోనే మెట్లెక్కింది.

క్లియోఫస్ తన వరండాలో నిలబడి అలవాటు కొద్దీ కాపలా కాశాడు. అయిదు నిమిషాలైంది. పదైంది. ఇక ఉండబట్టలేక అరిచాడు.

"వెర్నీసూ! వెళ్ళిన అడుగులే ఉన్నాయి, వెనక్కి వచ్చినవి లేవు! మర్చిపోయావా?"

తలుపు తెరుచుకుంది. చేతిలో గరిటెతో వెర్నీస్ గుమ్మంలో నిలబడింది.

"వెనక్కి ఎక్కడికయ్యా? నా ఇల్లిదే!"