పదిమంది

ఎజ్రా ఎలియాస్ మీటింగు అంటే ఒకప్పుడు మైదానం చాలేది కాదు. రెండుసార్లు ఎమ్మెల్యే. ఎర్రగడ్డలో పేదలకు ప్రసూతి ఆసుపత్రి కట్టించాడు, వెంగళరావు నగర్‌లో బడి పెట్టించాడు. అంతటి మనిషికి పంతొమ్మిది వందల తొంభై రెండులో, జూబ్లీహిల్స్ బంగళాలో కూర్చుని, పదిమంది మగాళ్లు దొరకలేదంటే నమ్ముతారా? ఖర్మ కాకపోతే ఏమిటి!

ఆయన యూదుడు. భార్య రాహేల్ పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ల పేరిట చదవాల్సిన ప్రార్థన ఒకటుంది. పదిమంది యూదు పురుషులుంటేనే చదవాలి, తొమ్మిదిమంది ఉన్నా కుదరదు. ఆమె పోయిన రోజున చదవలేకపోయాడు. కనీసం సంవత్సరీకానికైనా చదవకపోతే ఆమెను అనాథలా పంపినట్టే అని కుమిలిపోతున్నాడు. ఊళ్లో ఉన్న ఒకటి రెండు కుటుంబాలూ ఎప్పుడో ఇజ్రాయెల్ వెళ్లిపోయాయి. బొంబాయి బంధువులు వస్తాం వస్తాం అంటూనే మానేశారు.

మొదటి ఎన్నికల నుంచీ వెంట ఉన్న బాలనర్సయ్య అంతా విని, "పదిమందే గద సాబ్! మీరు ఫికర్ చెయ్యకుండ్రి, నేను దెస్త" అన్నాడు. బొంబాయి వెళ్లి బతిమాలి తెస్తాడనుకుని ఎజ్రా పొంగిపోయాడు. పాత ప్రార్థన పుస్తకం దులిపి, మళ్లీ మళ్లీ చదువుకున్నాడు.

సంవత్సరీకం రోజు సాయంత్రం గేటు ముందు వ్యాను ఆగింది. పదిమంది దిగారు. పొడుగు అంగీలు, బారెడు గడ్డాలు. ఎజ్రా గబగబా ఎదురెళ్లి, ముందున్నవాడి చేతులు పట్టుకుని "షాలోమ్" అని తమవాళ్ల పద్ధతిలో పలకరించాడు.

"నమస్కారమండీ. మాకు డైలాగులేమైనా ఉన్నాయాండీ?" అన్నాడు వాడు. గడ్డం ఒకవైపు ఊడి వేలాడుతోంది.

కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు! ఏసుప్రభువు సినిమా షూటింగు నుంచి నేరుగా వ్యానెక్కించి పట్టుకొచ్చాడు బాలనర్సయ్య మహానుభావుడు.

ఎజ్రాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ, కళ్లు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. "వీళ్లు పనికిరారు బాలనర్సయ్యా."

బాలనర్సయ్య మొహం చిన్నబోయింది. "గట్లంటరేంది సాబ్? మీ మీటింగులకు మందిని దెచ్చింది నేనే గద! గప్పుడు పనికొచ్చినోళ్లు, అమ్మకు పనికిరారా?"

ఆ జనమంతా తన మీద అభిమానంతో వచ్చారనే ఇన్నేళ్లూ నమ్మాడు ఎజ్రా, పిచ్చి మనిషి.

"వాళ్లకు అన్నం పెట్టించు" అని మాత్రం అని, లోపలికెళ్లి రాహేల్ ఫోటో ముందు నిలబడ్డాడు. ఇంత పెద్ద ఇంట్లో తనవాళ్లంటూ ఒక్కరు లేరు. దుఃఖం పొంగుకొచ్చింది. ప్రార్థన చదవకూడదు. కానీ ఆమెకు ఏదో ఒకటి చెప్పాలిగా.

"పదిమందీ వచ్చారు రాహేల్" అన్నాడు.