అద్దాల పెట్టెలో దుప్పటి

కొండను కాపాడే ఒప్పందం మీద సంతకాలు పెట్టే రోజున మ్యూజియం డైరెక్టరు కాళ్లు నేల మీద ఆనలేదు. కొండవాళ్లను భాగస్వాములను చేసుకున్న ఘనత ఇంకెవరికి దక్కింది గనక? వాళ్లందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలావిడను స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పాత దుప్పట్ల గదిలో మెత్తటి కుర్చీ వేయించి, పర్యావరణం మీద ఊకదంపుడు ఉపన్యాసం మొదలుపెట్టాడు.

కాసేపటికి ఆవిడ పళ్లు టకటకలాడాయి.

"ఆ ఏసీ కాస్త ఆపు బాబూ."

"ఆపకూడదమ్మా. గది వెచ్చబడితే దుప్పట్లకు పురుగు పట్టేస్తుంది. రాత్రింబవళ్లు నడవాల్సిందే."

"మరి అంత కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

కరెంటు బొగ్గుతో వస్తుంది, బొగ్గు ఆవిడ కొండను తవ్వితే వస్తుంది. ఆ ముక్క ఉపన్యాసంలో లేదు.

"మీ వైపు నుంచేనమ్మా" అని డైరెక్టరు నసిగాడు.

పెద్దమ్మ లేచి, ఒక దుప్పటి ఉన్న అద్దాల పెట్టె దగ్గరికి నడిచింది.

"ఇది మా నాయనమ్మ నేసింది. మనుషులు చలికి వణక్కూడదని నేసింది. మీరేమో దీన్ని కాపాడ్డానికి కొండను తవ్వి, మనుషుల్ని వణికిస్తున్నారు. తలుపు తియ్యి బాబూ, కప్పుకుంటాను."

తలుపైతే తియ్యలేదు గానీ, ఆ మాటలు డైరెక్టరు గుండెకు హత్తుకుపోయాయి. వాటిని ఒక పలక మీద బంగారు రంగు అక్షరాల్లో చెక్కించి, దుప్పటి పక్కనే వేలాడదీయించి, పైన నాలుగు పెద్ద లైట్లు పెట్టించాడు.

ఆ లైట్ల వేడికి గది వెచ్చబడుతోందని మర్నాడే ఇంకో ఏసీ బిగించారు.