తొట్టిలో ప్రాణాలు

గాలితొట్టి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు వరహాలు. బక్కపలచని మనిషి. ఉప్పుగాలికి చిట్లిన పెదవులు, వలతాళ్ళు కోసిన అరచేతులు. గడకర్రతో నురగ పక్కకు తోస్తాడు, ఆగి బుడగల చప్పుడు వింటాడు, మళ్ళీ నడుస్తాడు.

పరవాడలో ఒక మందుల ఫ్యాక్టరీ మురుగునీటిలోకి గాలి ఊది శుద్ధిచేసే చోట అతని పని. కుర్చీ ఉంది గానీ కూర్చోడు. పడవ మీదా అంతే. వల వేశాక తక్కినవాళ్ళు బీడీ ముట్టిస్తే ఇతను ఊరికే తాడు లాగి చూసేవాడు. ఊరిపక్క గెడ్డ సముద్రంలో కలిసేచోట చేపలు చచ్చి తేలడం మొదలయ్యాక పడవ వదిలి ఈ పనికొచ్చాడు.

ఆ మురుగులో యాంటీబయాటిక్ మందు మిగిలి ఉంటుంది. దాన్నే తిని బతికే బాక్టీరియాను తొట్టిలో పెంచుతోంది కెమిస్టు అనూరాధ. తొలిసారి మందునీళ్ళు ఒక్కసారే వదిలేసరికి అంతా చచ్చి కుళ్ళిపోయింది. ఈసారి పేడ, బెల్లంనీళ్ళతో మొదలుపెట్టి, మందును కొద్దికొద్దిగా అలవాటు చేశారు. వాటికి మోటారు గాలి ఆగకుండా అందాలి. వరహాలుకు అదే బెంగ.

"కన్నపిల్లల్ని కూడా ఇలా సూసుకోనేదు నువ్వు," అంది భార్య గురువమ్మ, పొద్దున్న క్యారేజీ కడుతూ.

"ఆటికి నోరు లేదే. ఊపిరాడకపోతే ఎవులితో సెప్పుకుంటాయి?" అన్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు అందుకుంది గానీ తొట్టి తూర్పువైపు బుడగలు లేవలేదు. తొట్టి పక్కనున్న లోతైన గోతిలో గాలిగొట్టం వాల్వు బిగుసుకుపోయింది.

"దిగొద్దు వరహాలూ, లోపల విషవాయువు ఉంటుంది. ఫిట్టరు వచ్చేస్తాడు," అని చెప్పి అనూరాధ ఫోను చేయడానికి ఆఫీసులోకి వెళ్ళింది.

వరహాలు కాళ్ళు నిలవలేదు. నురగ చప్పబడుతోంది. నీళ్ళు నల్లబడుతున్నట్టు, అప్పటి కుళ్ళువాసన మళ్ళీ తగిలినట్టు అనిపించింది.

"ఓ తిప్పు తిప్పేసి వచ్చేత్తాను బావా," అన్నాడు, తోటి కూలీ ఎల్లాజీతో.

ఎల్లాజీ అతని భుజం పట్టుకున్నాడు. "ఏటి తొందర నీకు? ఆగు."

"నానాగుతాను. అయ్యి ఆగుతాయేటి?"

చెయ్యి విడిపించుకుని నిచ్చెన దిగాడు. కాసేపటికి తూర్పువైపు నీళ్ళు కదిలాయి. ఒక బుడగ, తర్వాత బోలెడు.

"పైకి వచ్చీ బావా!" అని కేకేశాడు ఎల్లాజీ. గోతిలోంచి జవాబు రాలేదు.

మాస్కులు తెచ్చి, తాడు కట్టి పైకి తీసేసరికి వరహాలులో ఊపిరి లేదు.

కబురందుకుని సంతలోంచి పరుగున వచ్చింది గురువమ్మ. చేతులకు చేపపొలుసు ఇంకా అంటుకునే ఉంది. అతని పక్కన కూలబడి, తల ఎత్తి, "ఆ మోటారు సప్పుడు ఆపండి," అంది.

అనూరాధ తొట్టిలో లేస్తున్న బుడగల వైపు చూసింది. ఎవరూ ఆపలేదు.

నీళ్ళు శుద్ధి అవుతున్నాయో లేదో చూడ్డానికి పొద్దున్న వరహాలు తొట్టినీళ్ళు ముంచి పెట్టిన గాజుజాడీ గట్టు మీద అలాగే ఉంది. బురదంతా అడుక్కి దిగి, పైన తేటనీరు ఎండలో నిలిచి ఉంది.